టెలిస్కోపు కొనబోయే ముందు

అట్టపెట్టె మీద శనిగ్రహం బొమ్మ, దాని కింద “525 రెట్లు పెద్దదిగా చూపును” అన్న మాట! పండుగ డబ్బులన్నీ పోసి దాన్ని కొన్న పిల్లవాడికి ఆ రాత్రి కనిపించేది వణుకుతున్న ఒక మసక చుక్క. మరునాడు టెలిస్కోపు అటకెక్కుతుంది. దానితోపాటు ఆకాశం మీది ఆసక్తి కూడా. మీకు అలా జరగకుండా ఉండాలంటే కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి.

వెడల్పు ఎంత?

టెలిస్కోపు ముఖ్యంగా చేసే పని కాంతిని పోగుచేయడం. చీకటిలో మన కనుపాప సుమారు 7 మి.మీ. వరకు విచ్చుకుంటుంది. 70 మి.మీ. వ్యాసం గల కటకం దానికి 10 రెట్లు వెడల్పు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అది 100 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. కాబట్టి దుకాణంలో ముందుగా వ్యాసం ఎంతో అడగండి.

ఎన్ని రెట్లు?

వస్తుకటకపు నాభ్యంతరాన్ని అక్షికటకపు నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 700 మి.మీ.ని 10 మి.మీ.తో భాగిస్తే 70 రెట్లు. అక్షికటకం మార్చి దీన్ని ఎంతైనా పెంచవచ్చు. కాని పోగైన కాంతి అంతే కదా! పిడికెడు పిండితో చాపంత రొట్టె చేయబోతే చిరుగులే మిగులుతాయి. వ్యాసంలో ఒక్కొక్క మి.మీ.కి 2 రెట్లు దాటితే ప్రయోజనం ఉండదు. అంటే 60 మి.మీ. కటకానికి 120 రెట్లే హద్దు. గెలీలియో 1610లో గురుగ్రహపు నాలుగు చంద్రులను కనుగొన్నది సుమారు 20 రెట్ల టెలిస్కోపుతోనే!

కటకమా, దర్పణమా?

కటకంతో చేసిన వక్రీభవన టెలిస్కోపుకు పోషణ తక్కువ. అయితే చవకరకం వాటిలో నక్షత్రాల చుట్టూ రంగుల అంచు కనిపిస్తుంది. న్యూటన్ 1668లో తయారుచేసిన పరావర్తన టెలిస్కోపులో పుటాకార దర్పణం ఉంటుంది. రంగుల బెడద లేదు; అదే ధరకు ఎక్కువ వెడల్పు వస్తుంది. కాని దర్పణాన్ని అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. రంగాపూర్ వేధశాలలోని 48 అంగుళాల టెలిస్కోపు కూడా దర్పణంతో చేసినదే.

స్టాండు గట్టిదేనా?

టెలిస్కోపును వేలితో మెల్లగా తట్టి చూడండి. రెండు మూడు క్షణాలలో బొమ్మ నిలకడగా నిలవాలి. స్టాండు ఊగితే ఎంత మంచి కటకమైనా వృథాయే.

మీ సొమ్ముకు తగినది

డబ్బు తక్కువైతే 7×50 బైనాక్యులర్ చాలు. 7 అంటే ఆవర్ధనం, 50 అంటే కటకపు వ్యాసం మి.మీ.లలో. మోచేతులు పిట్టగోడకు ఆనించి చంద్రుని బిలాలు, కృత్తికల గుంపు చూడవచ్చు. మరికొంత పెట్టగలిగితే 70 మి.మీ. వక్రీభవన టెలిస్కోపులో శని వలయాలు, శుక్రుని కళలు కనిపిస్తాయి. గురుని పట్టీలు, నీహారికలు బాగా చూడాలంటే 114 నుండి 150 మి.మీ. దర్పణం మేలు. నలుగురు మిత్రులు కలిసినా, పాఠశాల పూనుకున్నా ఇది అందని పండేమీ కాదు. వీధిదీపాల మధ్య ఉండేవారు మాత్రం నీహారికలపై ఎక్కువ ఆశ పెట్టుకోరాదు.

ఒక పరీక్ష

పెళ్ళిలో చూపించే అరుంధతి సప్తర్షి మండలంలో వశిష్ఠుని పక్కనే ఉంటుంది. వేసవి రాత్రి మీ టెలిస్కోపును అటు తిప్పండి. వశిష్ఠుడొక్కడే రెండు నక్షత్రాలుగా విడిపోయి కనిపిస్తే మీ బేరం మంచిదే!

హెచ్చరిక: టెలిస్కోపుతో గాని, బైనాక్యులర్‌తో గాని సూర్యుని వైపు ఎన్నడూ చూడకండి. ఒక్క క్షణంలో చూపు పోతుంది.