గోదావరి యొడ్డున ఫ్రెంచివారి పట్టణము – యానాము

గోదావరిఖని ప్రక్కగా పారు గోదావరీజలము మంథని, కాళేశ్వరము, భద్రాచలము దాటి, పాపికొండల నడుమనుండి రాజమహేంద్రవరము చేరును. ధవళేశ్వరము దిగువ నది గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. తూర్పుపాయయైన గౌతమి యొడ్డున, కోరంగిపాయ విడివడు చోట, యానాము అను చిన్న పట్టణము కలదు. చుట్టును ఆంధ్రప్రదేశపు గ్రామములే. ప్రజల భాష తెలుగే. అయినను పరిపాలన మాత్రము వందల మైళ్ల దూరమున నున్న పుదుచ్చేరిది. ఈ వింతకు కారణము ఫ్రెంచివారు.

ఫ్రాన్సు దేశపు నదీతీర పట్టణమన్న మాట వినగానే పాత కట్టడములు, వాలుగట్లపై ద్రాక్షతోటలు, ప్రసిద్ధమైన ద్రాక్షసారాయి తలపునకు వచ్చును. మన నదియొడ్డుననే ఫ్రెంచివారు రెండు శతాబ్దములకు మించి నిలిచిన పట్టణమున్నది గనుక, అట్టిదానిని చూడగోరువారు సముద్రము దాటనక్కరలేదు. యానామున పాత కట్టడములు కొన్ని కలవు, ద్రాక్షతోటలు లేవు, మద్యపు అంగళ్లు మాత్రము కలవు. ఈ మూడు మాటలలోనే సహకారసంఘ సభ్యుడైన రైతు ఆలోచింపదగిన విషయము ఇమిడియున్నది.

పోవు మార్గము

రామగుండము స్టేషనున రైలెక్కి, కాజీపేట, విజయవాడల మీదుగా రాజమహేంద్రవరమున దిగవచ్చును. అచ్చటికి చేరువనే ధవళేశ్వరపు ఆనకట్టను తప్పక చూడవలెను. సర్ ఆర్థర్ కాటను 1847లో ఆరంభించిన ఈ పని 1852లో ముగిసెను. కరవు కాటకములతో, వరదలతో వేగిన నేలను ఈ ఆనకట్టయు, దాని కాలువలును అన్నదాతగా మార్చినవి. పిమ్మట ద్రాక్షారామమున భీమేశ్వరస్వామిని దర్శించి, బస్సుమీద యానాము చేరవచ్చును. దారిపొడవునను కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు కన్నులకు పండువుగా నుండును. కాకినాడనుండి పోవువారికి దూరము 30 కిలోమీటర్ల లోపుగానే యుండును.

పూర్వచరిత్ర

ఫ్రెంచి వర్తకసంఘమువారు 1723లో ఇచ్చట కొట్టు పెట్టిరి. వ్యాపారము సాగక 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. వారిని రప్పించినది మన నేతగాండ్రు నేసిన వస్త్రము. ఆ కాలమున గోదావరీముఖము చుట్టును ఐరోపావారి కొట్లే: యానామున ఫ్రెంచివారు, పొరుగుననే యున్న ఇంజరమున ఇంగ్లీషువారు, జగన్నాథపురము, పాలకొల్లులలో డచ్చివారు. అందరును ఒకే మగ్గమునొద్ద బేరమాడిరి. నేతగానికి బయానా యిచ్చి, ఆ అప్పుచే వానిని కట్టివేసి, గుడ్డకు ధర తామే నిర్ణయించుట నాటి వర్తకపు పద్ధతి.

1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చెను. 1758లో పిఠాపురము చేరువ చందుర్తియొద్ద జరిగిన యుద్ధమున ఫ్రెంచివారు ఓడుటతో ఆ ప్రాభవము ముగిసెను. యానాము పలుమార్లు ఇంగ్లీషువారి చేత చిక్కి, 19వ శతాబ్ది ఆరంభమున తుదిసారి ఫ్రెంచివారికి దక్కెను.

ఇక రైతుకుటుంబములవారు మరువరాని యొక సంగతి. హిందూ మహాసముద్రమందలి రీయూనియను దీవిలో ఫ్రెంచివారికి చెరకుతోటలు కలవు. 1828, 1829 సంవత్సరములలో ఆ తోటలకు మొదట ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో యానామున ఓడ యెక్కిన తెలుగువారున్నారు. ఒప్పందపత్రములోని మాటలకును, అచ్చటి బ్రతుకునకును పొంతన లేకపోయెను. చదువలేని కాగితముమీద వేలిముద్ర వేయుట యెంత అపాయకరమో తెలియుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి యక్కరలేదు.

1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము బాల్యవివాహములను నిషేధించెను. ఆ చట్టము ఫ్రెంచివారి సరిహద్దు లోపల చెల్లకపోవుటచే చుట్టుప్రక్కల జిల్లాలవారు పెండ్లిబృందములతో యానామునకు తరలివచ్చెడివారు. అందుచే దానికి కల్యాణపురమను పేరు కలిగెను. 1954 జూన్ 13న యానామున ఫ్రెంచివారి పాలన తొలగెను. అదే సంవత్సరము నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పరిపాలన భారత ప్రభుత్వమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియయ్యెను.

చూడదగినవి

1846లో పూర్తియైన సెయింట్ ఆన్సు దేవాలయము ఫ్రెంచి మతగురువులు కట్టించినది. మీసాల వెంకన్నగా ప్రసిద్ధికెక్కిన వేంకటేశ్వరస్వామి ఆలయము భక్తులకు ముఖ్యము. శతావధానియైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున ఈ యూర నివసించిరి. పారిసు నగరపు ఈఫిలు గోపురమును పోలిన యెత్తైన గోపురము ఇటీవలి కాలపు కట్టడము. సాయంకాలమున నదియొడ్డున నిలిచి, 2002లో తెరచిన బాలయోగి వారధిని, దాని క్రింద సముద్రాభిముఖముగా పారు విశాలమైన గౌతమిని చూచుట వీటన్నిటికంటె మనోహరము.

మద్యపు మాట

పుదుచ్చేరి పాలనలో మద్యముపై పన్ను తక్కువగా నుండుటచే యానాము మద్యమునకు పేరుపొందినది. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినప్పుడును ఆ శాసనము యానాము సరిహద్దునొద్దనే ఆగిపోయెను. ఆ నిషేధమునకు మూలము 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించిన ఉద్యమము. 1997లో నిషేధము సడలిపోయినను, ఆ తల్లులు చెప్పిన లెక్క తప్పలేదు: సీసాకై పోయిన రూపాయి గింజకుగాని, పలకకుగాని తిరిగి రాదు.

యానాములో అమ్ముడగు మద్యమునందు ఆ నేల పండించినదేదియు లేదు. వర్తకునికి లాభమును, సర్కారునకు పన్నును, త్రాగువానికి అప్పును మిగులును. బొగ్గుగనుల జీతపు దినమున మన ప్రాంతపు అంగళ్లయొద్ద కనబడునదియు ఇదియే గనుక, ఈ విషయమున యానామును తప్పుపట్టు అధికారము మనకు లేదు.

ఫ్రాన్సు రైతులు చేసిన పని

అదే ఫ్రాన్సు దేశమున ద్రాక్షసారాయి రైతు జీవనాధారమైనది. అచ్చటివారి త్రాగుడును మనము మెచ్చనక్కరలేదు. వారి కట్టుబాటును మాత్రము గమనింపవలెను. 19వ శతాబ్ది ద్వితీయార్ధమున ఫిల్లోక్సెరా యను వేరుపురుగు వారి తోటలను నాశనము చేసెను. అమెరికా జాతి ద్రాక్షవేళ్లమీద తమ తీగెలను అంటుగట్టి వారు తోటలను బ్రతికించుకొనిరి. అంతలో వేరొక తెగులు పట్టెను. సరుకు మిక్కుటమై ధర పడిపోయెను. పంచదార నీళ్లు కలిపిన కల్తీసరుకు బజారు నిండెను. 1907లో దక్షిణ ఫ్రాన్సు రైతులు లక్షలాదిగా వీధులకెక్కిరి. నార్బొన్ పట్టణమున సైనికులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట కల్తీని అరికట్టు శాసనము వచ్చెను.

అయితే శాసనముకొరకు వేచియుండక పని ఆరంభించినవారును కలరు. ఓర్బు నదీప్రాంతమున మరౌస్సాన్ అను గ్రామపు చిన్నరైతులు 1901లోనే సంఘముగా కూడి, దళారిని విడిచి, పారిసులోని వినియోగదారుల సహకారసంఘములకు తమ సరుకును నేరుగా అమ్మిరి. క్రమముగా ఉమ్మడి గిడ్డంగియు కట్టుకొనిరి. ఒక్కొక్కని పీపా చిన్నదే. అన్నియు చేరి బేరమాడు బలమయ్యెను. 1935లో వచ్చిన చట్టము ప్రకారము, ఒక ప్రాంతపు పేరుతో అమ్ముటకు సరుకు ఆ ప్రాంతపు నేలపై, నియమించిన పద్ధతిలో పండినదై యుండవలెను. ఊరిపేరు వర్తకుని సొత్తు కాక, ఊరి రైతులందరి ఉమ్మడి సొత్తయ్యెను. గరోను నదీతీరపు బోర్డో నగరపు కీర్తికిని ఇట్టి కట్టుబాటే రక్ష.

మనకు గల మార్గము

ఇట్టి హక్కు మనకును కలదు. ప్రాంతపు పేరును కాపాడు చట్టము భారతదేశమున 1999లో చేయబడి 2003నుండి అమలునకు వచ్చెను. కరీంనగరు వెండితీగెపనికి ఈ గుర్తింపు చాలకాలము క్రిందటనే లభించెను. తాండూరు కందులకు 2022లోను, వరంగల్ చపాటా మిరపకు 2025లోను లభించెను. కాని గుర్తింపుపత్రము గోడకు తగిలించినంతమాత్రమున ధర పెరుగదు. గింజను ఆరబెట్టి, తాలును, మట్టిని తొలగించి, రకములవారీగా వేరుచేసి, తూకమున మోసము లేక, అందరి సరుకును ఒకే మేరకు తెచ్చు సంఘము కావలెను. ఒక్క సభ్యుడు తడిసిన పత్తిని బస్తా అడుగున దాచినచో చెడునది వాని పేరు కాదు, సంఘపు పేరు.

నాటి నేతగాడు బయానాకు కట్టుబడి తన గుడ్డకు తానే ధర చెప్పజాలకపోయెను. మరౌస్సాన్ రైతు నలుగురితో కూడి చెప్పగలిగెను. ఈ రెండింటికి నడుమనున్న భేదమే సహకారము. కావున యానాము చూడబోవు సోదరులు కట్టడములను చూచి, నదిలో స్నానమాడి, తిరుగు ప్రయాణమున సీసా కొనుటకు ఉద్దేశించిన సొమ్మును అట్లే యింటికి తెచ్చి, సంఘములోని తమ వాటాధనమునకు చేర్తురుగాక.