ముందే తెలిసినవాడి బరువు

సత్యవంతుడికి ఏడాదే ఆయుర్దాయమని నారదుడు చెప్పిన సంగతి మన ఇళ్ళలో తెలియనివారుండరు. చావును ముందుగా ఎరిగినవారు ఊరుకోవాలా, అడ్డుపడాలా? ఈ ప్రశ్న మీదనే అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ 1979లో 'ది డెడ్ జోన్' నవల వ్రాశారు. 1983లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ దాన్ని చిత్రంగా తీశారు. మేము చూచినది చిత్రమే.

జానీ స్మిత్ బడిపంతులు. కారు ప్రమాదం జరిగి ఐదేళ్ళు స్పృహ లేక పడివుండి లేస్తాడు. ప్రేమించిన అమ్మాయి అప్పటికే పరాయి ఇల్లాలు. ఎవరి చేయి తాకినా వారి ఆపద కళ్ళకు కడుతుంది. గడ్డకట్టిన చెరువులో మంచు పగిలి పిల్లలు మునుగుతారని మొత్తుకుంటాడు. నమ్మిన కుర్రవాడొక్కడు వెళ్ళక బ్రతుకుతాడు. వెళ్ళిన ఇద్దరూ పోతారు.

చివరకు ఎన్నికలలో నిలిచిన ఒక నాయకుడి చేయి తగలగానే, అతడు అధ్యక్షుడై అణుయుద్ధం తెచ్చే దృశ్యం కనబడుతుంది. జానీ తుపాకి పడతాడు. గురి తప్పుతుంది. నాయకుడు పసిబిడ్డను అడ్డం పెట్టుకుంటాడు. ఆ ఫొటోతో అతడి పరువు మంటగలుస్తుంది. జానీ ప్రాణమూ పోతుంది.

సావిత్రికి భర్త దక్కాడు. జానీకి మిగిలింది హంతకుడన్న పేరే. జరగని యుద్ధాన్ని ఎవరికి చూపగలడు?

మా ఆఫీసులో ఒక మిత్రుడు ఎడమ చేయి లాగుతున్నదన్నాడు. డాక్టరు దగ్గరకు పదమంటే నవ్వుతారని మేము ఊరుకున్నాము. మూడోనాడు ఆయన కుర్చీ ఖాళీ. దివ్యదృష్టి అక్కరలేదు, చెప్పే నోరుంటే చాలునని ఆనాడు తెలిసింది.