మొలక చోళ్లకు ఏ పిండి మిల్లు కొనాలి? కొనేముందు చూసుకోవలసినవి

అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు మండలాల్లో వరి తరువాత ఇంటింటా కనిపించే గింజ చోడి (రాగి). అంబలికీ, పిల్లల మాల్టుకీ, పండుగలకు పులియబెట్టే పానీయానికీ మొలకెత్తించిన చోడి పిండే ఆధారం. తిరగలి తిప్పే కష్టం తప్పుతుందని ఇప్పుడు చాలా ఇళ్లవారు, మహిళా సంఘాలవారు చిన్న మిల్లు కొనాలనుకుంటున్నారు. మిల్లును ధర చూసి కాకుండా, ఆడించే గింజనూ కావలసిన పిండినీ చూసి ఎంచుకోవాలి. లేకుంటే పెట్టిన డబ్బు మూలన పడుతుంది.

ముందు గింజను చూడండి

చోడి గింజకు దంచి తీయవలసిన పొట్టు ఉండదు. నూర్చి, చెరిగి, రాళ్లు ఏరితే నేరుగా పిండి ఆడించవచ్చు. సామ, కొర్ర, ఊద అలా కాదు. వాటికి గట్టి పొట్టు ఉంటుంది కాబట్టి ముందు పొట్టు తీసే యంత్రం కావాలి. పిండి మిల్లు ఆ పని చేయదు. సామలను అలాగే మిల్లులో పోస్తే పొట్టు కూడా పిండిలో కలిసిపోతుంది. రెండు పనులూ ఒకే యంత్రం చేస్తుందని ఎవరైనా చెబితే, మీ గింజ పోసి ఆడించి చూపించమని అడగండి.

ఏ మిల్లు ఏ పనికి?

తిరగలి: పిండి వేడెక్కదు, కరెంటు అక్కరలేదు. గుప్పెడు గుప్పెడు పోస్తూ రవ్వ గానీ పిండి గానీ తీసుకోవచ్చు. వారానికి రెండు మూడు కిలోలు వాడే ఇంటికి ఇది చాలు. గంట్లు కొట్టించిన తరువాత మొదట ఆడిన కిలో రెండు కిలోల పిండిలో రాతిపొడి ఉంటుంది, దాన్ని పారవేయాలి.

రాతి చక్కీ, ప్లేటు మిల్లు: రెండు రాళ్ల లేదా పళ్లేల మధ్య సందును మరతో బిగించి, వదులు చేసి మెత్తదనం మార్చుకోవచ్చు. చోడికి బాగా సరిపోతుంది. గింజలో తడి ఉంటే మాత్రం పిండి అతుక్కుని మిల్లు ఆగిపోతుంది.

పల్వరైజర్: లోపల సుత్తుల్లాంటి రేకులు గింజను కొట్టి పొడి చేస్తాయి. ఎంత మెత్తగా రావాలో అడుగున ఉండే జల్లెడ నిర్ణయిస్తుంది. చోడి గింజ సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. మెత్తటి పిండికి అర మిల్లీమీటరు జల్లెడ, బరక పిండికి 1 మిల్లీమీటరు జల్లెడ పెట్టాలి. 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి కొన్ని గింజలు పగలకుండానే జారిపోతాయి. కొనేటప్పుడే రెండు మూడు జల్లెడలు అడిగి తీసుకోండి.

రోలర్ మిల్లు: ఇంట్లో బీరు చేసుకునేవారి కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే చేతి మిల్లులు ఎక్కువగా ఈ రకమే. ఇవి బార్లీ కోసం చేసినవి. బార్లీ పొట్టు నలిగిపోకూడదు, ఎందుకంటే ఆ పొట్టే తరువాత వడపోతకు పనికొస్తుంది. అందుకే రోలర్ల మధ్య మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ సందు ఉంచి గింజను చిట్లనిస్తారు. ఆ సందులో చోళ్లు సరిగా పగలవు. చోళ్ల కోసం ఇది కొనవద్దు.

అంబలికి ఒకలా, పులిసే పానీయానికి ఒకలా

అంబలికీ మాల్టుకీ మెత్తటి పిండి కావాలి. కోరాపుట్ వైపు లండా అని పిలిచే పానీయంలాగా ఉడికించిన పిండికి మొలక పిండి కలిపి పులియబెట్టే వాటికి బరక పిండి మేలు. మరీ మెత్తగా ఉంటే అంతా బురదలా కలిసిపోయి వడకట్టడం కష్టమవుతుంది. చోడికి బార్లీలాంటి పొట్టు లేదు కాబట్టి గుడ్డ గానీ బుట్ట గానీ వాడక తప్పదు. నేపాల్‌లో తోంగ్బా అనే పానీయానికి చోళ్లను అసలు ఆడించరు. ఉడికించి పులియబెట్టిన గింజల మీద వేడినీళ్లు పోసి, చివర జల్లెడ ఉన్న గొట్టంతో తాగుతారు.

మత్తు పానీయాన్ని లైసెన్సు లేకుండా అమ్మకానికి తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోవాలి. సంఘాలు ఆదాయం కోసం మాల్టు పిండినే ఎంచుకోవాలి.

మిల్లు ఎంత మంచిదైనా గింజ సిద్ధంగా లేకపోతే...

• చోళ్లను 12 గంటలు నానబెట్టి, నీరు వంచి, తడిగుడ్డలో కట్టాలి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మొలక వస్తుంది. మన కొండల్లో చలికాలం ఇంకో రోజు పట్టవచ్చు. గంటలు లెక్కపెట్టకుండా, మొలక అర సెంటీమీటరు దాకా రాగానే ఎండబెట్టాలి.
• గింజను కొరికితే పటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టే.
• ఎండిన మొలక వేళ్లను చేత్తో నలిపి చెరిగేయాలి, అవి పిండికి చేదు తెస్తాయి.
• బూజు పట్టిన, ముక్క వాసన వచ్చిన మొలకలను పారవేయాలి. పిండి ఆడించాక బూజు కంటికి కనబడదు, విషం మాత్రం అలాగే ఉంటుంది. ముసురు రోజుల్లో మొలక కట్టకపోవడమే మంచిది.
• మాల్టు కోసమైతే దోరగా వేయించవచ్చు. అంబలి పలచబడాలన్నా, పానీయం పులియాలన్నా వేయించకూడదు. పిండిపదార్థాన్ని తీపిగా మార్చే గుణం వేడికి పోతుంది. ఇదే కారణంగా మిల్లు నుంచి వచ్చే పిండి చేతిలో పట్టుకోలేనంత వేడిగా ఉంటే కాసేపు ఆపి, గింజను తక్కువ తక్కువగా పోయాలి.

ఒక ఇంటికా, సంఘానికా?

ఒక ఉదాహరణ చూద్దాం. మిల్లు ధర 20,000 రూపాయలు అనుకుందాం. కరెంటు, అరుగుదల పోను కిలోకు 3 రూపాయలు మిగులుతుందనుకుంటే, పెట్టుబడి తిరిగి రావడానికి సుమారు 6,670 కిలోలు ఆడించాలి. నెలకు 20 కిలోలు వాడే ఒక్క ఇంటికి ఇందుకు దాదాపు 28 ఏళ్లు పడుతుంది. అలాంటి 20 ఇళ్లు కలిస్తే నెలకు 400 కిలోలవుతుంది, 17 నెలల్లో డబ్బు తిరిగి వస్తుంది. కాబట్టి కరెంటు మిల్లును సంఘంగా కొనడమే లాభం. మీ ఊరి ధరలు వేసి ఇదే లెక్క మీరూ కట్టి చూడండి.

డబ్బు కట్టేముందు

1. మీరే మొలకెత్తించి ఎండబెట్టిన 5 కిలోల చోళ్లు తీసుకెళ్లి ఆడించండి. ఎంత సమయం పట్టింది, ఎంత పిండి వచ్చింది, ఎంత వేడెక్కింది చూడండి.
2. మీ ఊరి కరెంటు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా తెలుసుకోండి. 2 హెచ్‌పీ మోటారు దాదాపు 1,500 వాట్లు. మీ మీటరు, వైరు ఆ లోడు తట్టుకోవాలి. సాయంత్రం వోల్టేజి తగ్గే ఊళ్లలో పగలే ఆడించండి, లేకుంటే మోటారు కాలిపోతుంది.
3. జల్లెడలు, రేకులు, బెల్టు పాడేరులోనో ఎస్.కోటలోనో దొరుకుతాయా? బాగుచేసే మనిషి కొండెక్కి వస్తాడా? కాగితం మీద రాయించుకోండి.
4. ఎర్తింగ్, బెల్టుకు మూత, గింజ పోసే చోట అయస్కాంతం ఉండాలి. చీర కొంగు, జడ బిగించి కట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకునే పని చేయాలి.
5. మిరపకాయలు ఆడించిన మిల్లులో పిల్లల మాల్టు ఆడించవద్దు. వీలుకాకపోతే శుభ్రంగా తుడిచి, మొదటి కిలో పిండిని విడిగా తీసేయాలి.

మాల్టు పిండి అమ్మాలనుకునే సంఘాలు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం రాయితీ ఇచ్చే పీఎంఎఫ్‌ఎంఈ పథకం వంటివి ఈ ఏడాది అమల్లో ఉన్నాయేమో, యంత్రం బుక్ చేయకముందే మీ రైతు సేవా కేంద్రంలోనూ, పాడేరు ఐటీడీఏలోనూ అడిగి తెలుసుకోండి. చోడి రకాలు, సాగు గురించి సందేహాలుంటే చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని గానీ, విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని గానీ సంప్రదించవచ్చు.