అమ్మకు విండో వద్దు

హైదరాబాద్ నుంచి అమెరికా చేరాలంటే ఇరవై గంటల పైమాటే. ఎకానమీ క్లాసులో ఆ గంటలు ఎలా గడుస్తాయనేది సీటు నంబరు మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. మన ఇళ్లలో ఆ నంబరు ఎంచేది మాత్రం అందులో కూర్చోబోయేవాళ్లు కాదు.

డాలస్‌లో రాత్రి పదకొండు దాటింది. పిల్లలు నిద్రపోయాక కొడుకు ల్యాప్‌టాప్ ముందేసుకుని అమ్మానాన్నల టికెట్లు చూస్తున్నాడు. హైదరాబాద్ నుంచి దోహాకు నాలుగు గంటల పైచిలుకు, అక్కడ విమానం మారాక డాలస్‌కు దాదాపు పదహారు గంటలు. సీట్ మ్యాప్ తెరుచుకుంది. అమ్మకిది మొదటి విమానం, మేఘాలు చూస్తుంది కదా అని ఆమెకు విండో నొక్కాడు. నాన్నకు పక్కనే మిడిల్ సీటు. రెండింటికీ అదనంగా డబ్బు కట్టాడు. నడవా పక్కనుండే ఐల్ సీటు ఎవరికి వెళ్తుందో అతనికి తెలియదు.

ఆ సీటుకు ఓ పాతికేళ్ల కుర్రాడు వస్తాడు. భోజనం కాగానే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, దుప్పటి ముసుగేసి పడుకుంటాడు. అమ్మకు బాత్రూమ్‌కు వెళ్లాలి. నాన్నను లేపగలదు, ఆ అబ్బాయిని లేపడానికి మొహమాటం. అందుకని నీళ్లు తాగడం మానేస్తుంది. ఇక మేఘాల సంగతి. మొదటి భోజనం ట్రేలు తీసేశాక సిబ్బంది దీపాలు తగ్గించి కిటికీలు మూయిస్తారు. బోయింగ్ 787లో అయితే తెరలు కూడా ఉండవు, అద్దాల రంగును సిబ్బందే ముదురుగా మార్చేస్తారు. అమ్మ మేఘాలను చూసింది విమానం ఎక్కిన మొదటి గంటా, దిగే ముందు గంటా.

తెలుగు ఇళ్లలో ఇది ఏటా వేసవికి ముందు జరిగే తంతు. కాన్పుకో, గ్రాడ్యుయేషన్‌కో, ఊరికే మనవల్ని చూడ్డానికో పెద్దవాళ్లు బయల్దేరతారు. సీటు పిల్లలు ఎంచుతారు. తమకు ఏది సుఖమో అదే పెద్దవాళ్లకూ సుఖం అనుకుంటారు. ‘బెస్ట్ సీటు’ గురించి వచ్చే సలహాలూ ముప్పై ఏళ్ల ఒంటరి ప్రయాణికుడిని దృష్టిలో పెట్టుకున్నవే. అతనికి తల ఆనించి నిద్రపోవడానికి గోడ కావాలి కాబట్టి విండో మంచిదే. షుగరుకూ బీపీకీ మాత్రలు వేసుకుంటూ, మోకాళ్లు పట్టేసే అరవై అయిదేళ్ల మనిషి అవసరాలు వేరు.

ముందు విమానం, తర్వాతే సీటు

సీటు నంబరు కన్నా ముందు చూడాల్సింది విమానం రకం. టికెట్ వివరాల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

బోయింగ్ 777 సంగతే తీసుకుందాం. 1995లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పుడు ఎకానమీలో వరుసకు తొమ్మిది సీట్లు. తర్వాత విమానం వెడల్పు పెరగలేదు కానీ, చాలా సంస్థలు వరుసకు పదో సీటు ఇరికించాయి. అదే ఇప్పుడు మనకు అలవాటైన 3-4-3. మన వాళ్లు ఎక్కువగా ఎక్కే గల్ఫ్ సంస్థల 777లలో ఇదే అమరిక. సీటు వెడల్పు 17 అంగుళాల దగ్గర ఆగుతుంది. 787దీ అదే కథ. వరుసకు ఎనిమిది సీట్లతోనూ నడపగలిగే విమానమే అయినా, దాదాపు అందరూ తొమ్మిది పెట్టారు. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం అంతర్జాతీయ సర్వీసుల్లో 2-4-2నే ఉంచింది.

ఎయిర్‌బస్ వైపు లెక్క కాస్త నయం. ఏ350లో సాధారణంగా 3-3-3, సీటు సుమారు 18 అంగుళాలు. ఏ330లో 2-4-2. రెండంతస్తుల ఏ380లో కింది అంతస్తున పది సీట్లున్నా వెడల్పు సుమారు 18 అంగుళాలు ఉంటుంది. కొన్ని సంస్థలు పై అంతస్తులోనూ ఎకానమీ పెట్టాయి, అక్కడ 2-4-2. ఒక్క అంగుళానికి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. పక్క మనిషి భుజం పదహారు గంటల పాటు మన భుజానికి తగులుతూ ఉంటుందా లేదా అన్నది ఆ అంగుళం తేలుస్తుంది.

కాళ్ల జాగా సంగతి వేరు. ఒక సీటు వీపు నుంచి ముందు సీటు వీపు వరకు ఉండే దూరాన్ని పిచ్ అంటారు. దూర ప్రయాణపు ఎకానమీలో అది ఎక్కువగా 31, 32 అంగుళాలు. ఈ అంకెలకు కనీస పరిమితి పెట్టమని అమెరికా కాంగ్రెస్ 2018లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థను చట్టం ద్వారా ఆదేశించింది. ఆ సంస్థ 2022లో ప్రజాభిప్రాయం అడిగి ఊరుకుంది.

గాలి కూడా లెక్కలోకి వస్తుంది. పాత విమానాల క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటే, 787, ఏ350లలో ఆరు వేల అడుగుల దగ్గర ఉంటుంది. తేమ కూడా కాస్త ఎక్కువ. దిగాక తలనొప్పి, గొంతు ఎండడం తగ్గుతాయి. టికెట్ ధరలో రెండు మూడు వేల తేడా అయితే నేను విమానం రకం చూసే ఎంచుకుంటాను. పైగా విమానం బాగుంటే సీటు కొంత తేడా వచ్చినా తట్టుకోవచ్చు.

ఎవరు ఎవర్ని దాటాలి

ఇప్పుడు సీటుకు వద్దాం. ఐల్ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. 3-4-3లో పక్క మూడింటి ఐల్‌లో కూర్చుంటే ఇద్దరు మిమ్మల్ని దాటుకుని వెళ్లాలి. మధ్య నాలుగింటి ఐల్‌లో అయితే ఒక్కరే. మిగతా ఇద్దరూ అవతలి నడవా నుంచి వెళ్లిపోతారు. 3-3-3లో మధ్య వరుస ఐల్ ఇంకా మేలు, నడుమ కూర్చున్నవాళ్లు ఒకసారి ఇటు లేస్తే మరోసారి అటు లేస్తారు. కాబట్టి భార్యాభర్తలకు నా మొదటి సలహా మధ్య బ్లాకులో ఐల్, దాని పక్క సీటు. ఎవరు ఎక్కువసార్లు లేస్తారో వాళ్లకు ఐల్. ఇద్దరూ లేచేవాళ్లయితే నడవాకు అటొకరు ఇటొకరు, రెండూ ఐల్ సీట్లే. చెయ్యి చాపితే అందేంత దూరం. మాత్రల సంచి ఎవరి దగ్గరున్నా ఇబ్బంది లేదు.

విండో, ఐల్ తీసుకుని నడుమ సీటు ఖాళీగా వదిలేసే ఎత్తు చాలామందికి తెలుసు. విమానం నిండకపోతే మూడు సీట్లూ దక్కుతాయి. వేసవిలో, డిసెంబరులో మన రూట్లలో విమానం నిండకపోవడం అరుదు కనుక ఆ జూదం పెద్దవాళ్ల మీద ఆడకపోతే మంచిది.

777లో ఇంకో మంచి జాగా ఉంది. తోక వైపు విమానం సన్నబడుతుంది కాబట్టి, చాలా సంస్థల విమానాల్లో చివరి కొద్ది వరుసలు 3-4-3 కాస్తా 2-4-2 అవుతాయి. పక్కన రెండే సీట్లు, విండోకూ సీటుకూ మధ్య ఓ చిన్న ఖాళీ. ముసుగేసుకున్న పాతికేళ్ల కుర్రాడి బెడద ఉండదు. అమ్మకు మేఘాలు చూడాలని నిజంగానే ఉంటే ఆ విండో ఇవ్వవచ్చు, దాటాల్సింది నాన్ననే. అయితే తోక భాగంలో ఊపు ఎక్కువ, ఇంజిన్ల హోరు ఎక్కువ, బాత్రూమ్ క్యూ దగ్గర. ఆ జంట సీట్లలోనూ అన్నిటికన్నా చివరి వరుస వద్దు, వీపు సరిగా వెనక్కి వాలదు. ఊపు అంటే కడుపులో తిప్పేవాళ్లు రెక్కల దగ్గరి వరుసలు తీసుకోవాలి, విమానం తక్కువ కదిలేది అక్కడే. నిశ్శబ్దం కావాలంటే రెక్కల కన్నా ముందు.

ఐల్ కోసం ఇంత పట్టుబట్టడానికి సౌకర్యం ఒక్కటే కారణం కాదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. భయపడేంత ముప్పు కాదు, దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి. అమెరికాలోని ఛాతీ వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో ఇంకాస్త స్పష్టంగా రాసింది. తప్పు ఎకానమీ క్లాసుది కాదట, కదలకుండా కూర్చోవడానిది. విండో పక్కన కూర్చునేవాళ్లు తక్కువ లేస్తారు కనుక వాళ్లకు ముప్పు ఎక్కువ. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు బిగుతు మేజోళ్ల గురించి డాక్టరును అడిగి బయల్దేరాలి.

కాళ్ల జాగా వెనక మెలిక

గోడకు ఎదురుగా ఉండే మొదటి వరుస చూడ్డానికి రాజభోగం. ముందు వాలే సీటు ఉండదు. కానీ ట్రే ఆర్మ్‌రెస్ట్‌లోంచి బయటికొస్తుంది, ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, సీటు కాస్త ఇరుకవుతుంది. టేకాఫ్, ల్యాండింగ్‌లలో సంచి కాళ్ల దగ్గర పెట్టనివ్వరు. చంటిపిల్లల ఉయ్యాల బిగించేది కూడా ఆ గోడకే. కాన్పు అయిన కూతుర్ని, ఆరు నెలల మనవణ్ణి తీసుకుని వెనక్కి వస్తుంటే అదే సరైన చోటు, ముందే ఫోన్ చేసి అడగాలి. ఒంటరిగా వెళ్లేవారు అక్కడ కూర్చుంటే రాత్రంతా పక్కవాళ్ల మనవడి కచేరీ వినాలి.

ఎమర్జెన్సీ ద్వారం వరుసలో కాళ్లు బారజాపుకోవచ్చు. అది అందరికీ ఇవ్వరు. అవసరమొస్తే తలుపు తీయగల ఒంటి బలం, సిబ్బంది చెప్పే మాట అర్థం కావడం తప్పనిసరి. వీల్‌చెయిర్ అడిగినవాళ్లకు అసలే ఇవ్వరు. మన ఇళ్లలో ఈ రెండూ ఢీకొంటాయి. కాళ్లు బాగానే ఉన్నా, దారి తెలియదని, భాష రాదని పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ పెట్టించడం మామూలైంది. దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో గేటు మారిందన్న ప్రకటన అర్థంకాని డెబ్బై ఏళ్ల మనిషి ఏం చేయాలో కూడా వాళ్లే చెప్పాలి. కొన్ని సంస్థల్లో, విమానాశ్రయాల్లో మనిషిని తోడు పంపే ‘మీట్ అండ్ అసిస్ట్’ సేవ ఉంది. నడవగలిగేవాళ్లకు అదే సరి.

వీల్‌చెయిర్ పెట్టించాక ముందు వరుసలకు ఎక్కువ డబ్బు కట్టడం దండగ. వాళ్లను అందరికన్నా ముందు ఎక్కించి, సాధారణంగా అందరూ దిగాకే దింపుతారు. ముందు సీటు వల్ల కలిసొచ్చే అయిదు పది నిమిషాలు ఇమిగ్రేషన్ క్యూలో పరుగెత్తేవాళ్లకు.

ఇక ప్రాణభయంతో సీటు ఎంచేవాళ్ల సంగతి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా విమానంలోని 242 మందిలో బతికి బయటపడింది ఒక్కరే. ఆయన సీటు 11ఎ, ఎమర్జెన్సీ ద్వారం పక్కన. ఆ తర్వాత 11ఎ కావాలని అడిగినవాళ్లు ఉన్నారు. అంతకు దాదాపు ఆరు నెలల ముందు దక్షిణ కొరియాలోని ముయాన్‌లో జెజు ఎయిర్ ప్రమాదంలో 179 మంది పోగా, మిగిలిన ఇద్దరూ తోక భాగంలో ఉన్న సిబ్బంది. ఇందులోంచి సూత్రం ఏదీ తీయలేం. మరో విమానంలో 11ఎ బిజినెస్ క్లాసులో ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. పనికొచ్చే జాగ్రత్త వేరే ఉంది. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ గగనతలంలో ఒక్కసారిగా కుదుపులకు గురై ఒకరు చనిపోయారు, డజన్ల మంది గాయపడ్డారు. కూర్చున్నంతసేపూ, నిద్రలోనూ బెల్టు ఉండాలి. దుప్పటి మీదుగా పెట్టుకుంటే సిబ్బంది చూసుకోవడానికి నిద్ర లేపరు.

నొక్కాల్సిన మరో బటన్

సీటుతో పాటే ఎంచాల్సింది భోజనం. వెనక వరుసలకు బండి వచ్చేసరికి శాకాహారం అయిపోవడం తరచూ జరిగేదే. ముందే చెప్పిన ప్రత్యేక భోజనాలు మాత్రం బండి కన్నా ముందు నేరుగా సీటు దగ్గరికే వస్తాయి, అందుకే సీటు నంబరు మార్చుకుంటే సిబ్బందికి చెప్పాలి. ‘ఏషియన్ వెజిటేరియన్’ మన నాలుకకు దగ్గర. ‘హిందూ మీల్’ అంటే శాకాహారం అనుకుని నొక్కేస్తారు. చాలా సంస్థల్లో అందులో మాంసం ఉంటుంది, గొడ్డుమాంసం ఉండదంతే. కనీసం 24 గంటల ముందు చెప్పాలి.

డబ్బు కట్టి సీటు తీసుకున్నాక కూడా ఓ కన్నేసి ఉంచాలి. షెడ్యూలు మారినా విమానం రకం మారినా సీట్లు తారుమారవుతాయి, మెయిల్ రావచ్చు, రాకపోవచ్చు. టికెట్ ఒక సంస్థ దగ్గర కొని, విమానం మరో సంస్థది అయితే నడిపే సంస్థ సైట్‌లోనే సరిచూసుకోవాలి. డబ్బు కట్టనివాళ్లకు అదను వెబ్ చెకిన్ తెరిచే వేళ. చాలా సంస్థల్లో ప్రయాణానికి 24 నుంచి 48 గంటల ముందు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఓ ఊరట ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లోని అమ్మ, నాన్న లేదా సంరక్షకుల్లో ఒకరి పక్క సీటు ఇవ్వాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో మన సంస్థలకు చెప్పింది.

ఇంత చేశాక ఆఖరి గండం విమానంలోనే ఎదురవుతుంది. “అంకుల్, మేమిద్దరం విడివిడిగా పడ్డాం, మీరు కాస్త నా సీట్లోకి వెళ్తారా?” అని ఎవరో నవ్వుతూ అడుగుతారు. ఆ ‘నా సీటు’ ఎప్పుడూ మిడిల్ సీటే. మన పెద్దవాళ్లు కాదనలేరు. కొడుకు డబ్బు కట్టి తీసుకున్న ఐల్ అలా రెండు నిమిషాల్లో చేతులు మారుతుంది. చిన్న పిల్ల తల్లికి దూరమైతే ఇవ్వాల్సిందే. మిగతావాళ్లకు, ఐల్‌కు ఐల్ ఇస్తే సరే, లేదంటే లేదు. “సారీ, డాక్టర్ టోల్డ్ ఐల్” అనే ఒక్క ముక్క విమానాశ్రయానికి బయల్దేరే ముందే నాన్న చేత రెండుసార్లు అనిపించాలి. ఆయన ఫోన్‌లో అంటారు కూడా. అని, వెంటనే అడుగుతారు: “అలా అంటే పాపం ఏమనుకుంటారో రా?”