గండికోట చుట్టూ ఉన్నది ఎవరి భూమి?

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో ఆదివారం పూట నిలబడితే బెంగుళూరు కార్లు, హైదరాబాదు కార్లు వరుస కట్టి పోతుంటాయి. ఎర్రమల కొండలను పెన్నేరు చీల్చుకొని పోయిన గండి అంచున కూచొని, పొద్దు పొడిచేది చూసి, ఫోటోలు దిగి, డేరాల్లో ఒక రాత్రి పండుకొని పోతారు. మంచిదే. చూడదగ్గ చోటే. మన కూలీ జనంలో చానామందికి ఆ అంచున కూచొని చూసే తీరిక ఇంతవరకూ దొరకలేదు, అది వేరే సంగతి.

ఇయ్యాల మనం మాట్లాడుకోవాల్సింది కోట గురించి కాదు, కోట చుట్టూ ఉన్న భూమి గురించి. 2023 జూలైలో అప్పటి ముఖ్యమంత్రి ఇక్కడ ఒబెరాయ్ కంపెనీ పెద్ద హోటలుకు శంకుస్థాపన చేశారు. దానికి చూపించింది సుమారు 50 ఎకరాలు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం గండికోట పర్యాటకానికి 77 కోట్ల 91 లక్షలు మంజూరు చేసింది. 2025 ఆగస్టులో ఇప్పటి ముఖ్యమంత్రి వచ్చి ఆ పనులకు మళ్ళీ శంకుస్థాపన చేశారు. పార్టీ మారింది, ప్రభుత్వం మారింది, భూమి పోయే దిక్కు మాత్రం మారలేదు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: అది ప్రభుత్వ భూమి, ఎవరికీ నష్టం లేదు.

ఆ మాటను కొంచెం విప్పి చూద్దాం.

'ప్రభుత్వ భూమి' అనే మాట భూమితో పాటు పుట్టింది కాదు. 1800లో నిజాం నవాబు ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసినప్పుడు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఉండి, పాళెగాళ్ళను అణచి, పొలాలు కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. పన్ను కట్టే రైతు పేర పట్టా, మిగిలిందంతా సర్కారుది. ఊరుమ్మడి మేతబీడు, గుట్ట, వంక, దిబ్బ అన్నీ ఒక్క గీతతో సర్కారు ఖాతాలోకి పోయినాయి. 1905లో మద్రాసు ప్రభుత్వం భూ ఆక్రమణల చట్టం తెచ్చి, ఇతరుల ఆస్తి కానిదంతా సర్కారుదేనని రాసేసింది. తెల్లవాళ్ళు పోయినారు, చట్టం పోలేదు. మన బీదోడు బంజరులో నాలుగు సాళ్ళు దున్నితే ఈ నాటికీ బి-మెమో వచ్చేది ఆ చట్టం కిందనే.

ఇక చరిత్ర. కోట లోపల మాధవరాయ స్వామి గుడి ఉంది, రంగనాథ స్వామి గుడి ఉంది, జామియా మసీదు ఉంది, కోనేరు ఉంది, బందీఖానా ఉంది. గైడులు పెమ్మసాని నాయకుల కథ చెప్తారు, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోట పట్టిన కథ చెప్తారు. మా కంటికి మాత్రం అన్నిటికన్నా పెద్దగా కనపడేది ధాన్యాగారం. ఆ గాదెలో గింజలు ఏ నాయకుడూ పండించి పోయలేదు. కోటను ముట్టడించినప్పుడు లోపలి సైన్యం తిన్నది కింది పల్లెల రైతుల, కూలీల చెమట. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను చూసిపోయినాడు. కింద పెద్ద ఏరు, పక్కన భయం పుట్టించే లోయ, ఇరుకు దారి, ఇవన్నీ రాసి, కొండపైన చిన్న మైదానం ఉందనీ, అక్కడ వరి, చిరుధాన్యాలు వేస్తారనీ, చిన్న ఊటల నీళ్ళు పారుతాయనీ కూడా రాశాడు. అంటే ఫిరంగుల పక్కనే నాగలి కూడా ఉండింది. ఆ నాగలి పట్టినవాని పేరు ఏ శాసనంలో వెతకాల?

కోటను కాపాడొద్దని మేము అనడం లేదు. బురుజు రాయి ఒక్కటి ఊడదీసినా మేమే అడ్డం నిలబడతాం. అది మన తాతల కష్టం. దాన్ని కాపాడేందుకు చట్టం ఉంది: 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 2010లో గట్టి చేసినది. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కట్టకూడదు, ఆ పైన 200 మీటర్ల దాకా అనుమతి లేకుండా ఏదీ లేపకూడదు. మొత్తం 300 మీటర్లు. ఆ చట్టం బరువు ముందుగా పడేది ఎవరిమీద? కోట లోపలే గండికోట ఊరు ఉంది. గోడ కూలితే నిలబెట్టుకోవడానికి కూడా అనుమతి కాగితం కోసం తిరగాల్సింది వాళ్ళే. అయినా సరే, చరిత్ర కోసం ఆ 300 మీటర్లు ఒప్పుకుందాం. దాని అవతల కంపెనీ హోటలుకు రాసిచ్చే ఎకరాలు కోట రక్షణ కోసం కాదు. అది వ్యాపారం. కోట పేరు చెప్పి వ్యాపారానికి భూమి చేర్చడం వేరు, కోటకు భూమి చేర్చడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు, అదీ మోసం.

దూరదేశం సంగతి ఒకటి చెప్తాం. అమెరికాలో బానిసత్వాన్ని కూల్చిన అంతర్యుద్ధంలో, 1863లో గెట్టిస్‌బర్గ్ దగ్గర పెద్ద పోరు జరిగింది. ఆ రణభూమి మీద ఒక కరెంటు రైలు కంపెనీ పట్టాలు వేస్తుంటే ప్రభుత్వం అడ్డం పోయింది. 1895లో దాన్ని జాతీయ సైనిక స్మారకవనం చేశారు. కోర్టులో కంపెనీ అడ్డం తిరిగితే, స్మారకం కోసం భూమి తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉందని 1896లో వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెట్టుబడిదారీ దేశంలోనే కంపెనీ చేతిలోంచి భూమి తీసి స్మారకానికి ఇవ్వొచ్చని తేల్చినారు. మన దగ్గర స్మారకం పేరు చెప్పి కంపెనీకి ఇస్తున్నారు!

దగ్గర సంగతి కావాలంటే హంపీ చూడండి. గండికోటను ఏలిన నాయకులు విజయనగరానికి సామంతులే. 2011 జూలైలో హంపీ విరూపాక్ష బజారులో దశాబ్దాలుగా అంగళ్ళు పెట్టుకొని కాపురం చేస్తున్న కుటుంబాల ఇళ్ళను వారసత్వం పేరుతో పగలగొట్టినారు. గండికోట ఊరివాళ్ళకు ఆ గతి పట్టకూడదంటే ముందే మేలుకోవాల.

ఇప్పుడు మన తాలూకాల లెక్క తీద్దాం. 2007లో బ్రహ్మణి ఉక్కు ఫ్యాక్టరీ పేర జమ్మలమడుగు దగ్గర 10,760 ఎకరాలు, ఎకరా 18 వేల రూపాయల లెక్కన ఇచ్చేశారు. జూన్ నెలలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, బీదలకు భూమి పంచండని రోడ్డెక్కిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీసినారు. ఒకే రాష్ట్రం, ఒకే ప్రభుత్వం, నెలన్నర తేడా. అడక్కుండానే ఒకరికి పదివేల ఎకరాలు, అడిగినందుకు ఇంకొకరికి తూటాలు. ఫ్యాక్టరీ లేచిందా అంటే లేవలేదు, ఆ కేటాయింపు తరవాత రద్దయింది. మళ్ళీ 2018 డిసెంబరులో ఒక శంకుస్థాపన, 2019 డిసెంబరులో ఇంకొకటి, 2023 ఫిబ్రవరిలో మరొకటి. విభజన చట్టంలో రాసిన ఉక్కు ఫ్యాక్టరీని ప్రభుత్వమే కట్టాలని మనమూ పోరాడినాం, దాంట్లో రెండో మాట లేదు. కానీ శంకుస్థాపన రాళ్ళన్నీ ఒకచోట పేరిస్తే ఒక బీదోని ఇంటికి పునాది అయ్యేది!

కోట కిందనే గండికోట జలాశయం ఉంది. 26.85 టీఎంసీల సామర్థ్యం. 2020 సెప్టెంబరులో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు జనం, మా పరిహారం తేల్చండి, కదలడానికి గడువివ్వండి అని ధర్నాకు కూచున్నారు. నీళ్ళు గడువిస్తాయా? ఇళ్ళలోకి వచ్చేసినాయి. ఆ జలాశయం నుంచే ఎత్తిపోతలతో చిత్రావతి రిజర్వాయరుకు, పులివెందుల చీనీ తోటలకు నీళ్ళు పోతాయి. పులివెందుల రైతుకు నీళ్ళు రావడం మాకూ సంతోషమే. అయితే ఊరు మునిగినప్పుడు పట్టా ఉన్న రైతు పేరు పరిహారం జాబితాకు ఎక్కుతుంది. అదే రైతు చేలో పప్పుశనగ పీకి బతికిన కూలికి ఊరితో పాటు పనీ పోతుంది, ఆమె పేరు రాసుకొనే జాబితా కోసం మళ్ళీ కొట్లాడాల. పులివెందుల పక్కన తుమ్మలపల్లె యురేనియం గని దగ్గరా, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరా మనం చూసింది ఇదే. పని పోయినవాళ్ళు పొద్దున్నే ప్రొద్దుటూరు అడ్డాలో సద్ది టిఫిను చేతబట్టుకొని నిలబడతారు. అడ్డాలో చేతులు పెరిగితే కూలి రేటు తగ్గుతుంది. కాబట్టి గండికోట గుట్ట సంగతి ప్రొద్దుటూరు బేల్దారి కూలికి పట్టనిది కాదు.

అధికారులు అంటారు: అది రాళ్ళగుట్ట, పంటకు పనికిరాదు. పనికిరాని గుట్టే మన గొర్లకు, మేకలకు మేత. వంటకు కట్టె. సీజనులో నాలుగు బుట్టల సీతాఫలాలు. ఎవరి పేరా లేనిదాని మీద బతికేవాళ్ళ లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. కంచె పడినాక గొర్లకాపరి యాడికి పోవాల?

చట్టంలో ఒక మెలిక ఉంది, మన కార్యకర్తలు బాగా పట్టుకోవాల్సింది ఇదే. రైతు పట్టా భూమిని తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వస్తుంది. ఆ చట్టం ప్రకారం భూమి లేకపోయినా, మూడేళ్ళుగా అక్కడ కూలి చేసి బతుకుతున్న వ్యవసాయ కార్మికుడు, కౌలుదారు, చేతివృత్తివాడు కూడా నష్టపోయిన కుటుంబమే. డీ-ఫారం పట్టా పొందినవాడూ దాంట్లో ఉన్నాడు. కానీ ప్రభుత్వం తన భూమిని తానే ఇంకొకరికి ఇస్తే అది 'సేకరణ' కాదంటారు, రెవెన్యూ స్టాండింగు ఆర్డరు 24 కింద 'అన్యాక్రాంతం' అంటారు. అంతే, ఆ కూలి పేరు గల్లంతు. అదే స్టాండింగు ఆర్డర్లలో 15వది భూమిలేని పేదకు సాగుభూమి ఇవ్వమంటుంది. 24 కింద ఫైలు గుర్రంలా పరిగెత్తుతుంది, 15 కింద ఫైలు కచేరీలో నిద్రపోతుంది. ఒక మండల కచేరీలో బంజరు అర్జీ కాగితం కోసం మేము మూడుసార్లు తిరిగి, ప్రతిసారీ కొత్త అర్జీ రాసిచ్చి వచ్చినాం. పాతవి ఏమైనాయో బీరువాకే తెలియాల.

ఇంకొకటి. డీకేటీ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్టు ధర కట్టివ్వాలని 2004లో మేకల పండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అంతకు ముందు, సర్కారు ఇచ్చిందే సర్కారు తీసుకుంది, మీకేమి ఇచ్చేది అనేవాళ్ళు. ఇప్పటికీ కొందరు వీఆర్వోలు తెలియనివాళ్ళతో అదే మాట అంటారు. నమ్మొద్దండి. పట్టా లేకుండా సాగులో ఉన్నవాళ్ళను కూడా రాత్రికి రాత్రి జేసీబీతో తోలేయడానికి వీల్లేదు. 1905 చట్టం 7వ సెక్షను కింద ముందు నోటీసు ఇచ్చి, జవాబు వినాల. తెల్లవాని చట్టంలోనే ఆ మాత్రం ఉంది.

మనం అడగాల్సింది ఇంత. హోటలుకు గాని, పర్యాటక శాఖకు గాని ఇంకో ఎకరా రాసేముందు ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, దాంట్లో ఎవరు సాగు చేస్తున్నారు, ఎవరు మేపుకుంటున్నారు అనేది గ్రామసభలో చదివి వినిపించాల. సాగుకు అనువైన బంజరును ముందు భూమిలేని దళితులకు, వెనకబడిన కులాల కూలీలకు, ఆడవాళ్ళ పేర పట్టా చేసివ్వాల. మేతకు, మందదారికి భూమి విడిచిపెట్టాల. గండికోట ఊరివాళ్ళను వాళ్ళ ఒప్పుదల లేకుండా కదిలించకూడదు. కోట దగ్గర టీ అంగడి పెట్టుకొనే హక్కు, గైడు పని, మరమ్మతు పని స్థానికులకే ఇవ్వాల. అది కూడా కాంట్రాక్టరు చేతికింద కాదు, కనీస వేతనం, పీఎఫ్ ఉండేటట్టు. మనవాళ్ళ భూమిలో కట్టిన హోటలులో మనవాళ్ళకు చీపురొకటి ఇచ్చి, ఉద్యోగాలిచ్చినాం అని చెప్పుకుంటే ఊరుకునేది లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని చిన్నదే, ఆలస్యం చేయకూడదు. గండికోట చుట్టుపక్కల ఊళ్ళలో బంజరు సాగులో ఉన్న ప్రతి కుటుంబమూ బి-మెమో రసీదులు, డీ-ఫారం పట్టా, అడంగల్ నకలు, ఏది ఉంటే అది వెతికి పెట్టుకోండి. చెదలు తినకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఏమీ లేనివాళ్ళు ఏ ఏడు నుంచి సాగులో ఉన్నారో, పక్క పొలం వాళ్ళెవరో రాయించి సంతకాలు చేయించుకోండి. చదువుకున్న పిల్లలు సమాచార హక్కు చట్టం కింద తహశీలుదారుకు ఒక అర్జీ పెట్టాల: ఏయే సర్వే నంబర్లు పర్యాటకానికి ఇచ్చినారు, ఇంకా ఏవి అడుగుతున్నారు అని. నెల రోజుల్లో జవాబు రావాల. రాకపోతే ఆర్డీవోకు అప్పీలు. అర్జీ రాయడం రానివాళ్ళు కాగితాలు తీసుకొని సంఘం ఆఫీసుకు రండి, మేము రాసిస్తాం. రసీదు మాత్రం అడిగి తీసుకోవడం మరిచిపోవద్దు.