ముందు అడగాలి.. తర్వాతే రోలర్

పావగడ: చూడ్డానికి గుండ్రటి గట్టి దిండు. కండరాలు పట్టేసినప్పుడు దాని మీద ఒళ్లు దొర్లిస్తే హాయిగా ఉంటుంది. జిమ్ శిక్షకులు కావాలనుకునేవారు ఈ ఫోమ్ రోలర్ వాడకమూ నేర్చుకోవాల్సి వస్తోంది. పద్ధతి సులువే. పిక్కలు, తొడల మీద సెకనుకు అంగుళం చొప్పున నెమ్మదిగా కదలాలి. నొప్పి తగిలిన చోట అర నిమిషం ఆగాలి. ఊపిరి బిగపట్టకూడదు. కీళ్లు, ఎముకలు, నడుము జోలికి పోకూడదు.

అలాగని గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. 21 అధ్యయనాలను కలిపి 2019లో లెక్క తీస్తే కసరత్తు తర్వాతి నొప్పి తగ్గింది 6 శాతమే!

పావగడలో అసలు చిక్కు మరొకటి. తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. శెనక్కాయ చెట్లు పీకి పీకి అలసినవారిదీ, ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగుసుకున్నవారిదీ ఒకటే మాట.. ‘నడుం పట్టేసిందప్పా’. మొదటివారికి చాలావరకు విశ్రాంతితోనే తగ్గుతుంది. రెండోవారిది ఎముకల జబ్బు. రోలర్‌తో నొక్కితే మేలు లేదు సరికదా, నొప్పి ముదరొచ్చు.

నొప్పి ఎన్నాళ్ల నుంచి, మెడ వంగుతోందా, గొంతుక్కూర్చోగలరా, ఇన్నేళ్లూ తాగింది ఏ నీళ్లు.. ఇవన్నీ శిక్షకుడు ముందే అడగాలి. అనుమానం తగిలితే రోలర్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పంపాల్సిందే.