'విత్' అను నాంగ్లావ్యయము - మన తృతీయ

ఆంగ్లమునుండి తెనిఁగించువారిని పెద్దమాటలు అంతగా బాధింపవు. పెద్దమాటకు నిఘంటువు కలదు. నిఘంటువు చాలనిచోట సంస్కృతము కలదు. బాధించునవి నామమునకు ముందు నిలుచు చిన్నచిన్న అవ్యయములు. వానిలో 'విత్' అనునది కడు మోసకారి. సులభముగా కనఁబడుటయే దాని మోసము. 'విత్' అనఁగా 'తో' అని మొదటి యేఁట నేర్చిన బాలుఁడు పట్టపరీక్షవఱకు ఆ యొక్క యర్థమునే మోసికొని పోవును.

శ్రీకాకుళ ప్రాంతమందలి యొక పాఠశాలలో, పొందూరి సన్ననూలు పనిని వర్ణించు కొన్ని యాంగ్లవాక్యములను తెనిఁగింప నిచ్చితిని. పిల్లలు ఎఱిఁగిన పనియే గదా, భావము తెలియక తప్పుచేయరని నా యూహ. అందు 'విత్' ఐదు తావుల నుండెను. స్త్రీలు వాలుగచేప దవడతో ప్రత్తి నేకుదురు, ఓర్పుతో వడకుదురు, ఇరుగుపొరుగు వారితో కూర్చుండి పని చేయుదురు, 24 ఆకుల రాట్నము గల యొక ముసలమ్మ వాకిట నున్నది, మరనూలు వచ్చిన పిమ్మట పని తగ్గినది. ఇవి భావములు. ఐదింటను బాలురు 'తో' యే వ్రాసిరి. మొదటి మూఁడును తప్పు కావు. నాలుగవది 'రాట్నముతో ముసలమ్మ' అయినది. ఐదవది 'మరనూలు వచ్చుటతో' అయినది. ఈ కడపటి ప్రయోగము నేఁడు పత్రికలలో నిండియున్నది. నాకు సమ్మతము కాదు, కాని దానిని నిలుపఁగల శక్తియు నాకు లేదు. 'మరనూలు రాఁగా' అన్న సరిపోవును.

ఆంగ్లేయుల మాటకు ఇన్ని యర్థము లెట్లు వచ్చినవో తెలిసికొన్నచో కొంత చిక్కు విడును. ప్రాచీనాంగ్లమున 'విత్' అనుదానికి ముఖ్యార్థము 'ఎదురుగా' అని. సహార్థమునకు 'మిడ్' అను వేఱొక యవ్యయ ముండెడిది. నేఁటి జర్మను భాషయందలి 'మిట్' దానికి తోడఁబుట్టువు. 1066లో నార్మనులు ఇంగ్లండును గెలిచిన పిమ్మటి శతాబ్దములలో 'విత్' సహార్థమును గూడ ఆక్రమించి 'మిడ్'ను వెడలఁగొట్టెను. వెడలిన యా మాట 'మిడ్‌వైఫ్' అను మంత్రసాని పేర మాత్రము, 'ప్రసవించు స్త్రీకి తోడుగా నుండునది' అను భావమున, తల దాఁచుకొన్నది. 'విత్' యొక్క తొలియర్థము 'విత్‌స్టాండ్' అను క్రియయందు నిలిచినది; ఎదిరించి నిలుచుట దాని యర్థము. శత్రువునకు చెందిన మాట స్నేహితునకు సంక్రమించిన దన్నమాట.

మన మాట పుట్టుక ఇట్టిది కాదు. 'తోడు' అనఁగా సహాయుఁడు, జత. 'తోడన్', దాని పొట్టిరూపము 'తోన్' దానినుండి వచ్చినవి. 'చేత' 'చే' అనునవి చేయి అను నవయవమునుండి వచ్చినవి. చిన్నయసూరి చేత, చే, తోడ, తో అను నాలుగు వర్ణకములను తృతీయయందు చేర్చి, కర్తృకరణములకు చేతను, సహార్థమునకు తోడను ప్రధానముగా చెప్పెను. ఒకటి చేయి, ఒకటి జత. ఆంగ్లమున ఒకే మాట మోయు బరువును మనవారు ఆదినుండి రెండు భుజములమీఁద పెట్టిరి.

అయినను వ్యవహారమున కరణమునకు 'చేత' తగ్గి 'తో' పెరిగినది. 'బాణముచేత కొట్టెను' అనుట గ్రంథములలో సాధువే. నోట నెవ్వరును అనరు. ఇది భాష చెడుట యని కొందఱు పండితు లందురు. నే నట్లు తలఁపను. ఆంగ్లమున కర్తకు 'బై', కరణమునకు 'విత్' అను విభాగము కలదు. మన వ్యవహారము తనంతఁ దానే అట్టి విభాగమును చేసికొన్నది. 'పొందూరి స్త్రీలచేత చేపదవడతో శుభ్రపఱుపఁబడిన ప్రత్తి' అన్నప్పుడు పని చేసినవా రెవరో, పనిముట్టు ఏదో చెవికి తక్షణమే తెలియును. రెంటను 'చేత' వ్రాసిన వ్యాకరణము నిలుచును గాని, చదువరి ఒక్క క్షణము తడఁబడును. మఱి యొక విశేషము: చేయి అను మాటనుండి పుట్టిన విభక్తియే చేతికి పనికిరాదు. 'చేతితో వడకిన నూలు' అందుముగాని 'చేతిచేత వడకిన నూలు' అని యెవ్వఁడు ననఁడు. విభక్తి తన పుట్టినింటిని మఱచినది.

ప్రేరణార్థకమున మాత్రము జనవ్యవహారము ఈ యెల్లను దాఁటును. 'కోడలితో నూలు వడకించినది' అనుట పెక్కుచోట్ల వినఁబడును. అచట 'కోడలిచేత' అని దిద్దుట ఉపాధ్యాయునకు ధర్మమే. 'కోడలితో వడకినది' అన్న అత్తయు వడకెను. 'కోడలిచేత వడకించినది' అన్న అత్త కూర్చుండెను. ఇంటిలో ఈ భేదము స్వల్పము కాదు.

హేతువునకును ఆంగ్లేయులు 'విత్' వాడుదురు. చలిచేత వణఁకుట, భయముచేత పాఱుట ఇందులోనివి. 'చలితో వడఁకెను', 'కదురుతో వడకెను' అను రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుఁడు. అరసున్న యొక్కటి తప్ప మాటలలో భేదము లేదు; మొదటిదానియందు 'తో' హేతువు, రెండవదానియందు కరణము. అరసున్నను విడిచిన నేఁటి లిపిలో ఆ గుఱుతును పోయినది. హేతువునకు 'చేత'ను నిలుపుకొన్న సందేహ ముండదు.

ఇఁక 'రాట్నముతో ముసలమ్మ'. ఇచట ఆంగ్లమున 'విత్' పనిముట్టును గాక లక్షణమును తెలుపును. గడ్డముగల మనుష్యుఁడు, గొడుగుగల బ్రాహ్మణుఁడు అనునపుడును వారు 'విత్' అందురు. సంస్కృతము చదివినవారికి ఇది క్రొత్త కాదు. పాణిని ఇత్థంభూతలక్షణమున తృతీయను విధించెను. జడలచే తాపసుఁడని గుఱుతింపఁబడుట దాని యుదాహరణము. అంగవికారమునకును తృతీయయే, కంటిచే కాణుఁ డందురు. అనఁగా ఈ విషయమున ఆంగ్లము సంస్కృతమునకు దగ్గఱ, తెలుఁగు రెంటికి దూరము. తెలుఁగునకు ఇచట విభక్తి వలదు. 'జడల తాపసుఁడు', 'గడ్డము గలవాఁడు', 'ఒంటికన్నువాఁడు' అని సమాసముగానో 'గల' శబ్దముతోనో చెప్పిన ముచ్చటగా నుండును. 'గడ్డముతో మనుష్యుఁడు వచ్చెను' అనిన గడ్డమును చేతఁబట్టుకొని వచ్చినట్లుండును.

అన్నింటికంటె అపాయకరమైనది యుద్ధ విషయము. ఒక చరిత్రపాఠమున విజయనగరమువారు 'ఫాట్ విత్ ది ఫ్రెంచ్' అని యుండఁగా, ఒక బాలుఁడు 'ఫ్రెంచివారితో యుద్ధము చేసిరి' అని వ్రాసెను. ఉపాధ్యాయుఁడు పూర్ణాంకము లిచ్చెను. ఆ పాఠము 1757 జనవరినాఁటి బొబ్బిలియుద్ధమును గూర్చినది. అప్పుడు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కూడి బొబ్బిలికోటపైఁ బడెను. బాలుని తెలుఁగు చదివినవాఁడు విజయనగరమును ఫ్రెంచివారికి శత్రువుగా గ్రహించును, మిత్రుఁడు శత్రువయ్యెను. చిత్ర మేమనఁగా, మఱుచటి యేఁడు ఆ తప్పు ఒప్పయినది. 1758 డిసెంబరున చందుర్తియొద్ద ఆనందగజపతి ఆంగ్లేయ సేనాని ఫోర్డుతో కూడి ఫ్రెంచివారి నెదిరించెను. కావున విజయనగరమువారు ఫ్రెంచివారి 'విత్' పోరాడిరనుట రెండేండ్లలో రెండు విధముల సత్యము. ఆంగ్లేయుల మాటయందు పాత శత్రుత్వమును, క్రొత్త స్నేహమును ఇంకను కలిసియే యున్నవి. ప్రకరణము చూడక తెనిఁగించిన చరిత్ర తలక్రిందగును.

తెలుఁగున 'తో యుద్ధము' అన్న నెదుటివాఁడే స్ఫురించును; తోడు అను మాట శత్రువునకు చేరుట వింతయే యైనను, జగడమునకు ఇద్దఱు కావలయును గదా. మిత్రపక్షమును చెప్పవలసినచో 'తో కూడి' యనియో, 'పక్షమున' ననియో స్పష్టముగా వ్రాయవలెను. ఒక్క 'కూడి' చాలును. ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో దిద్దవలసినది ఇట్టి తావులను. అరసున్న తప్పులకంటె ఇవి ముందు.

చెప్పుట, పలుకుట మొదలగు ధాతువుల విషయమున చిక్కు లేదు. వానికి తోడవర్ణకము మన వ్యాకర్తలును చెప్పిరి. ఆంగ్లేయులు 'స్పీక్ విత్' అన్నను 'స్పీక్ టు' అన్నను మనకు 'అతనితో మాటాడు' అనియే.

వియోగమున మఱల జాగ్రత్త కావలెను. 'పార్ట్ విత్' అనఁగా ఒక వస్తువును వదలుకొనుట. కలయికను చెప్పు మాట ఎడఁబాటునకు వచ్చెనని యాశ్చర్యపడ నక్కఱలేదు. సంస్కృతమున వినా, పృథక్ శబ్దముల యోగమునందును తృతీయ కలదు. తెలుఁగు మాత్రము ఇచట ద్వితీయ నడుగును. నే నిచ్చిన వాక్యములలో కడపటిది, ఎంత ధర వచ్చినను ముసలమ్మ తన రాట్నమును అమ్మ నొప్పుకొనలేదని. ఒక బాలుఁడు 'ముసలమ్మ రాట్నముతో విడిపోలేదు' అని వ్రాసెను. దానిని కొట్టివేసి, 'ముసలమ్మ రాట్నమును వదలుకొనలేదు' అని పైన వ్రాసితిని.